దయచేసి గారి పైకప్పు

ఆ రోజు పొద్దున్నే లేచి దయచేసి గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం బండికి అక్క వచ్చేలోగా ఇంటి పెంకుల మీద పట్టిన నాచు గీకి పారేయాలి, స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకోవాలి, ఏమీ ఎరగనట్టు వెళ్లి కుర్చీలో కూర్చోవాలి. మూడింటిలోనూ చివరిది ఆయనకు బాగా చేతనైన పని. ఉద్యోగం నుంచి దిగిపోయిన దగ్గర్నుంచీ ఆయన చేస్తున్నది అదే.

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. రైల్వే స్టేషన్లో ఒక గాజు గదిలో మైకు ముందు కూర్చుని, జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టి అది తెల్లబడేదాకా "దయచేసి వినండి" అంటూ బండ్ల రాకపోకలు చెప్పిన మనిషి కాబట్టి, అందరూ దయచేసి గారనే అనేవాళ్లు. ఆయన గొంతు వినబడితే ఊళ్లో పొయ్యిలు వెలిగేవి, గడియారాలు సర్దుకునేవి, బడికి ఆలస్యమైన పిల్లలు పరుగందుకునేవాళ్లు. గొంతు అంతగా తెలిశాక మొహం తెలియాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

తర్వాత ఒక రోజు గాజు గదిలోకి యంత్రం వచ్చింది. దానికి జలుబు చెయ్యదు, సెలవు అక్కర్లేదు. అందులోంచి ఒక అమ్మాయి గొంతు ఎప్పుడూ ఒకే సంతోషంతో బండ్ల పేర్లు చెబుతుంది, బండి రద్దయిందని చెప్పేటప్పుడు కూడా. ఆ గొంతు వినలేక దయచేసి గారు వీధి తలుపు మూసి గడియ పెట్టుకున్నారు. కిటికీలూ మూశారు. మూసినా చక్రాల చప్పుడు లోపలికి వస్తుంది, అది చాలనుకున్నారు. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. అప్పుడప్పుడు మాత్రం తలుపు వెనకాలే నిలబడి, ఎవరైనా తడతారేమో అని చెవి ఒగ్గి వినేవారు. తట్టేంత పని ఎవరికీ పడలేదు.

మిగిలిన దిక్కల్లా అక్క ఒక్కతే. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసింది. వేరే ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. ఆ ఊరికి రైలు లేదు, బస్సులో ఇంకో ఊరి స్టేషనుకి వచ్చి బండెక్కాలి. కిందటిసారి వచ్చినప్పుడు వాన కురిసి, కప్పులోంచి నీటి బొట్టు సరిగ్గా ఆవిడ తలగడ మీద పడింది. మంచం ఎటు జరిపితే బొట్టూ అటే వచ్చింది. తెల్లారి ఆవిడ వీధిలోకి వెళ్లి పైకి చూస్తే, పెంకులు కనబడకుండా పచ్చగా, మెత్తగా, పరుపు పరిచినట్టు నాచు. ఇల్లు చూసుకోలేనివాడివి నిన్ను నువ్వేం చూసుకుంటావని ఆవిడ అడిగింది. మొన్న ఫోన్లో ఆవిడ, ఈసారి వచ్చి ఒక సంగతి తేల్చేస్తానంది. కప్పు ఏం చేశావని అడిగింది. ఎప్పుడో శుభ్రం చేయించానని ఆయన కోతలు కోసేశారు.

ఆ తేల్చే సంగతేమిటో ఆయనకు తెలుసు. పెంకుల మీద ఒక్క పచ్చ చుక్క కనబడిందంటే తనని మూటా ముల్లే కట్టించి, రైలు లేని ఆ ఊళ్లో, వెనక గదిలో పడేస్తుంది. చక్రాల చప్పుడు లేని రాత్రి ఎలా ఉంటుందో ఊహించుకుని ఆయన వెంటనే లేచి చెప్పులు వేసుకున్నారు.

పెంకుల మేస్త్రిని అడిగితే వానాకాలం వెళ్లాకగాని చేతికి దొరకనన్నాడు. సలహా మాత్రం ఇచ్చాడు. చెప్పుల్లేకుండా ఎక్కాలి. పైనుంచి కిందికే గీకాలి, కింది నుంచి పైకి గీకితే పెంకు లేచిపోతుంది. నీళ్ల గొట్టం పెట్టి గట్టిగా కొట్టకూడదు. గీకాక, రెండు వాలులూ కలిసే కప్పు వెన్ను పొడుగునా రాగి రేకు కొట్టిస్తే, వాన నీళ్లు దాని మీద నుంచి కారినంత మేరా మళ్లీ నాచు పట్టదు. అన్నిటికన్నా ముందు, వీధి చెట్టు కొమ్మలు కొట్టించి పెంకులకి ఎండ తగలనివ్వాలి. ఇవన్నీ విని దయచేసి గారు ఒక చెక్క గరిటె, గిన్నెలు తోమే బ్రష్షు, ఒక బకెట్టు సిద్ధం చేసుకున్నారు.

నిచ్చెన పెరటి సందులో దొరికింది. పక్కింటి దర్జీ గోడకి రంగులు వేస్తున్నాయన మధ్యాహ్నం దాకా తనకి అవసరం లేదన్నాడు. దయచేసి గారు ఎప్పటిలాగే వీధి తలుపు గడియ పెట్టి, చెప్పులు దాని పక్కనే విడిచి, వంటగది తలుపులోంచి పెరట్లోకి వచ్చి, ఆ తలుపు దగ్గరగా వేసి, నిచ్చెనెక్కారు.

అక్క ముందుగా చూసేది వీధి వైపు వాలునే కాబట్టి, వెన్ను దాటి అటువైపే మొదలుపెట్టారు. చెట్టు కొమ్మలు కప్పు మీదికి వంగి ఉండటంతో కింద నడిచేవాళ్లకి ఆయన కనబడరు. నాచు మొదట బాగానే లొంగింది. గరిటె పెట్టి తోస్తే ముద్దలు ముద్దలుగా ఊడి జారిపోతోంది. ఒక ముద్ద బడిపంతులు గొడుగు మీద పడితే ఆయన కాకుల్ని తిట్టుకుంటూ గొడుగు దులిపి వెళ్లిపోయాడు. తన చేతిలోంచి పుట్టిన పనికి బయట ప్రపంచంలో ఒక మనిషి తల తిప్పడం చూసి దయచేసి గారికి ఎందుకో చాలా హాయిగా అనిపించింది. ఆ ఉత్సాహంలో మేస్త్రి మాట కొంచెం మరిచారు. చివరి వరసలు కింది నుంచి పైకి గీకారు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వీధి వైపు వాలు ఎర్రగా బయటపడింది. చూసుకుని మురిసి, పెరటి వాలు మొదలుపెట్టేముందు మంచినీళ్లు తాగొద్దామని అంచుదాకా జారుకుంటూ వచ్చి కాలు చాచారు. కాలికి గాలి తగిలింది. అంతకుముందే రంగులాయన వచ్చి చూశాడు, పెరట్లో ఎవరూ లేరు, పని అయిపోయిందనుకున్నాడు. నిచ్చెన బండికెత్తుకుని ఇంకో వీధిలో పనికి వెళ్లిపోయాడు.

గీకని నాచు మీద పిరుదులు జారుతుంటే దయచేసి గారు పాకుతూ మళ్లీ వీధి వైపు వచ్చి, కొమ్మ ఒకటి పట్టుకుని కూర్చున్నారు. కిందికి చూసి పిలిచారు.

"ఏమండీ, ఎవరండీ అక్కడ."

ఆ పిలుపు పక్కకొమ్మ మీది కాకికి కూడా వినబడలేదు. ఆయనకు రెండు గొంతులున్నాయి. ఒకటి మైకు గొంతు, అది ఉద్యోగానిది. రెండోది సొంతది, అది ఎన్నాళ్లుగానో వాడక పిల్లికూన గొంతైపోయింది. కాపాడండి అని కేకలు పెట్టడం ఏ గొంతుకీ అలవాటు లేదు. ఎండ వాలేదాకా అలాగే కూర్చుని, చివరికి వెన్ను నిటారు చేసి, తెలిసిన పద్ధతిలోనే మొదలుపెట్టారు.

"దయచేసి వినండి. ఈ ఇంటి పైకప్పు మీద ఒక వ్యక్తి ఉన్నారు. నిచ్చెన గలవారు వెంటనే పెరటి వైపునకు రావలసినదిగా కోరుతున్నాము. దయచేసి వినండి."

గొంతు బ్రహ్మాండంగా పలికింది. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు వినబడింది. ఊరంతా ఆ గొంతుని ఏళ్ల తరబడి వింటూ, మాటలు మాత్రం పట్టించుకోకుండా ఉండటం నేర్చుకుంది. బడి నుంచి తిరిగొస్తున్న పంతులు చేతి గడియారం చూసుకుని అడుగులు జోరుచేశాడు. ఒక రిక్షా ఆయన బేరం దొరుకుతుందని స్టేషను వైపు తొక్కాడు. పక్కింట్లో దర్జీ భార్య బట్టలు ఆరేస్తూ, అప్పుడే బండి టైమైందా అనుకుని లోపలికెళ్లి పొయ్యి మీద నీళ్లు పెట్టింది. దయచేసి గారు అదే ప్రకటన ఇంకా కొన్నిసార్లు చేశారు. చేసిన ప్రతిసారీ వీధి మరింత ఖాళీ అయింది.

నీళ్లు మరిగాక దర్జీ భార్యకి ఉన్నట్టుండి అనుమానం వచ్చింది. ఆ గొంతు యంత్రం పిల్లది కాదు. వెంటనే కుట్టుమిషను దగ్గరికి పరిగెత్తి మొగుడితో, దయచేసి గారిని మళ్లీ ఉద్యోగంలోకి పిలిచారని చెప్పింది. దర్జీకి ప్రాణం లేచొచ్చింది. యంత్రం పిల్ల మాట నచ్చక, వినిపించుకోకుండా ఒకసారి పెళ్లికి వెళ్లాల్సిన బండి తప్పిపోయిన మనిషి ఆయన. మిషను మీద గుడ్డ కప్పి, దారిలో పంతుల్నీ కలుపుకుని, అభినందిద్దామని స్టేషనుకి వెళ్లాడు.

స్టేషను మాస్టరు తెల్లబోయాడు. దయచేసి గారు ఇక్కడికి రాలేదన్నాడు. రాకపోతే ఆ గొంతెవరిదని దర్జీ అడిగాడు. వీధంతా విన్నదని పంతులు సాక్ష్యం చెప్పాడు. ముగ్గురూ ఆయన ఇంటికి బయల్దేరారు. వాళ్ల వెనక ఇంకొందరు. ఇంటి ముందుకు వచ్చేసరికి అది చిన్న ఊరేగింపు.

దర్జీ తలుపు తట్టాడు.

పైన దయచేసి గారికి ఆ చప్పుడు వినబడింది. ఎన్నో సాయంత్రాలు గడియ మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూసిన చప్పుడు. తీరా అది వచ్చేసరికి తాను తలుపు దగ్గర లేరు, తలుపు నెత్తి మీదున్నారు. "వస్తున్నానండీ," అన్నారు, పిల్లికూన గొంతుతో. మైకు గొంతు కూడదీసుకునేలోపే కింద ధన్‌మని శబ్దమైంది. నలుగురూ కలిసి భుజాలు ఆనించేసరికి తలుపు, గడియతో సహా, ఇంట్లోకి పడింది.

లోపల ఆయన లేరు. గడియ లోపల్నుంచే ఉంది. చెప్పులు గుమ్మం పక్కన జతగా ఉన్నాయి. కుర్చీ ఖాళీ, మంచం ఖాళీ. చెప్పుల్లేకుండా, తలుపు తియ్యకుండా మనిషి ఎక్కడికి వెళ్తాడని దర్జీ అడిగాడు. అందరూ ఒక్కసారి పైకి చూశారు. పైన కప్పుంది, కప్పు మీద ఆయనున్నారు, కానీ అది కప్పు దగ్గర ఆగే చూపు కాదు. వంటగదిలోని పెరటి తలుపు తోసి చూడాలని ఎవరికీ తోచలేదు. ఇద్దరు ఆసుపత్రికి వెళ్లి కనుక్కొస్తామన్నారు. వాళ్లు ఎంతకీ తిరిగి రాకపోవడంతో ఆయన పోయిన సంగతి ఖాయమైపోయింది.

"పోతూ పోతూ అందరికీ వినిపించి వెళ్లారు," అంది దర్జీ భార్య, కళ్లొత్తుకుంటూ.

నిజానికి దయచేసి గారు అప్పుడే అరవాలి. ఒక పెంకు పక్కకి జరిపి సందులోంచి నోరు కూడా పెట్టారు. సరిగ్గా అదే క్షణంలో కింద స్టేషను మాస్టరు, చాలా మంచి మనిషి అన్నాడు. దయచేసి గారి నోరు మూతపడింది. తన గురించి ఎవరైనా ఏదైనా అని చాలా కాలమైంది. ఇంకొక్క మాట విని పిలుద్దామనుకున్నారు.

ఆ ఇంకొక్క మాట రావడానికి బాగా ఆలస్యమైంది. ఎందుకంటే ఎవరి దగ్గరా ఏమీ లేదు. మంచి మనిషని మరొకరన్నారు. ఆయనతో ఎప్పుడైనా మాట్లాడారా అని పంతులు అడిగితే, లేదు, అందుకే అలా అనిపించిందన్నాడాయన. ఇంకొకాయన తన కూతురు ఊరెళ్లిన రోజు బండి ఆలస్యమైందని దయచేసి గారు చెప్పిన తీరు తలుచుకున్నాడు, ఇంట్లో మనిషి చెప్పినట్టే ఉందట. టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లిన దర్జీ భార్య చేతిలో గ్లాసుతో తిరిగొచ్చింది.

"ఇంట్లో గ్లాసు ఒక్కటే ఉందండీ," అంది. "పక్కనే ఉండి కూడా, ఆయన పంచదార ఎంత వేసుకుంటారో కూడా తెలీదు నాకు. రోజూ అనుకునేదాన్ని, ఈ తలుపు తీసుంటే ఒకసారి పలకరిద్దామని. ఎప్పుడూ మూసే ఉండేది."

పెంకు సందులోంచి ఆ మాట తిన్నగా పైకొచ్చింది. దయచేసి గారు కొమ్మ గట్టిగా పట్టుకున్నారు. తలుపుకి అటువైపు తాను నిలబడిన సాయంత్రాలన్నీ ఇటువైపు ఈవిడ కూడా నిలబడిందన్నమాట. ఏడుపొచ్చింది, ఏడ్చారు. అక్కడ చూసేవాళ్లెవరూ లేరు. ఇక ఇప్పుడు పిలవడం ఇంకా కష్టమైపోయింది. అంతమంది అంతగా బాధపడుతుంటే మధ్యలో బతికున్నానని చెప్పడం మర్యాదగా ఉండదనిపించింది.

ఆ సమయానికే రంగులాయన విషయం తెలిసి పరిగెత్తుకొచ్చాడు. ఆయన ఆఖరి మాట తనతోనే అన్నారని, అది తన అదృష్టమని అందరికీ చెప్పాడు.

"పొద్దున నిచ్చెన అడిగారు. మధ్యాహ్నానికల్లా పని చేసుకుని, గోడకి ఆనించి ఉంచారు. ఒకరి వస్తువు ఒక్క గంట ఎక్కువ ఉంచుకునే మనిషి కాదు."

అందరూ తలలూపారు. స్టేషను మాస్టరు లేచి, ఆయన గౌరవార్థం ఈ సాయంత్రం యంత్రాన్ని ఆపేయమని స్టేషనుకి కబురు పంపానని ప్రకటించాడు. పైన దయచేసి గారు గబుక్కున స్టేషను వైపు తిరిగారు.

కొమ్మల సందులోంచి స్టేషను బాగా కనబడుతుంది. సాయంత్రం బండికి సిగ్నల్ పడింది. పడిన తీరు చూస్తే అది రెండో ప్లాట్‌ఫారానికి వస్తోంది. జనమంతా, సామాన్లతో సహా, ఒకటో ప్లాట్‌ఫారం మీద నిలబడి నోళ్లు మూసుకున్న లౌడుస్పీకర్ల వంక చూస్తున్నారు. ఎక్కడో మలుపులో కూత వినబడింది. ఒక ముసలాయన పెట్టె ఒకచోట పెట్టి ఇంకోచోటికి వెళ్లి మళ్లీ వెనక్కి వస్తున్నాడు. దయచేసి గారు తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఊరుకోగలిగారు గానీ, బండి చెప్పకుండా రావడం ఆయన వల్ల కాలేదు. కొమ్మ వదిలేసి పెంకుల మీద లేచి నిలబడ్డారు.

"దయచేసి వినండి. సాయంత్రం రావలసిన బండి మరికొద్దిసేపట్లో రెండవ నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును. ప్రయాణికులు వంతెన మీదుగా వెళ్లవలసినదిగా కోరుతున్నాము. పెట్టె మరచిపోవద్దు."

స్టేషన్లో జనం ఒక్కసారిగా వంతెనెక్కారు. ముసలాయన పెట్టె అందుకున్నాడు. దయచేసి గారు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు.

కింద మాత్రం పరిస్థితి అంత సజావుగా లేదు. దర్జీ చేతిలో గ్లాసు నేల మీద పడింది. పంతులు గొడుగు విప్పాడు, ఎందుకో ఆయనకే తెలియదు. స్టేషను మాస్టరు అలవాటుకొద్దీ అటెన్షన్లో నిలబడిపోయాడు. ఒకాయన వీధిలోకి పరుగుపెట్టబోయి, గుమ్మంలో పడి ఉన్న తలుపు మీద తట్టుకుని, దాని మీదే సాష్టాంగపడ్డాడు.

బండి వచ్చి వెళ్లినా లేవని అతన్ని దాటుకుంటూ అక్క లోపలికొచ్చింది. ఒక చేతిలో సంచి, వెనక రిక్షా ఆయన నెత్తిన పెద్ద ట్రంకుపెట్టె. ఆవిడకి ఎలా చెప్పాలా అని అందరూ కాళ్లవంక చూసుకుంటుంటే దర్జీ భార్య ముందుకొచ్చి, మనసు గట్టి చేసుకోమంది.

"దేనికి? ఇప్పుడే కదా, బండి స్టేషన్లోకి వస్తుంటే కిటికీలోంచి వాడి గొంతు విన్నాను," అంది అక్క. తర్వాత జరిగిందంతా విని, రంగులాయన వైపు తిరిగింది. "నిచ్చెన ఎందుకు అడిగాడు?"

"కప్పు మీద నాచు గీకాలన్నారండి."

"దిగినట్టు చూశావా?"

రంగులాయన నాలుక కరుచుకున్నాడు. అందరూ మళ్లీ పైకి చూశారు. ఈసారి చూపు కప్పు దగ్గరే ఆగింది. పక్కకి జరిగిన పెంకు సందులోంచి ఒక కన్ను వాళ్లని చూస్తోంది.

"ఒరేయ్, దిగు," అంది అక్క.

నిచ్చెన వచ్చింది. స్టేషను మాస్టరు స్వయంగా కింద పట్టుకున్నాడు. చేతుల నిండా పచ్చటి మరకలతో దయచేసి గారు నేల మీద కాలు పెట్టేసరికి అందరూ చెట్టు వంకా, కాకుల వంకా చూశారు. పోయాడని మెచ్చుకున్న మనిషి మొహం చూడటం కష్టం. దర్జీ భార్యే తేరుకుని, తన ఇంటి గ్లాసులో టీ పోసి, పంచదార ఎంత వెయ్యమంటారని అడిగింది.

"రెండు చెంచాలు," అన్నారు దయచేసి గారు. ఆ ప్రశ్న తనని ఆఖరుసారి ఎవరడిగారో గుర్తు చేసుకోబోయి, మానేశారు.

జనం సర్దుకున్నాక ఆయన అక్క ఎదురుగా కూర్చుని, పెరటి వైపు ఇంకా గీకలేదని, ఫోన్లో అబద్ధం చెప్పానని తానే ఒప్పుకున్నారు. తర్వాత ఎప్పుడు బయల్దేరాలో చెప్తే సామాను సర్దుకుంటానన్నారు.

"ఎక్కడికి?" అంది అక్క.

"నీతో. తేల్చేస్తానన్నావుగా."

అక్క ట్రంకుపెట్టె తాళం తీసి మూత ఎత్తింది.

"మా ఇల్లు ఖాళీ చేసొచ్చానురా. పొద్దుట్నుంచి సాయంత్రందాకా పలకరించే దిక్కు లేక గోడలతో మాట్లాడుతున్నాను. నీ దగ్గరుందామంటే, మంచం ఎటు జరిపినా నెత్తిన బొట్టు పడుతుంది. అందుకే అన్నిసార్లు కప్పు సంగతి అడిగాను. నిన్ను తీసుకెళ్లి నేనేం చేసుకుంటాను, నాకే అక్కడ ఉండబుద్ధి కాకపోతే?"

ఆ రాత్రి వాన కురిసింది. నాచున్న పెరటి వైపు ఒక్క బొట్టు కారలేదు. ఆయన కష్టపడి గీకిన వీధి వైపు, పెంకులు లేచిపోయి, మూడుచోట్ల ధారలు కట్టింది. అందులో ఒకటి అక్క తలగడ మీద. ఆవిడ లేచి మంచం పెరటి గదిలోకి లాక్కుని పడుకుంది.

వానలు తగ్గాక మేస్త్రి వచ్చి పెంకులు సరిచేశాడు. పెరటి వాలు మెత్తగా తోమి, వెన్ను పొడుగునా రాగి రేకు కొట్టాడు. దర్జీ, రంగులాయన కలిసి కొమ్మలు కొట్టారు. కప్పు ఇప్పుడు ఎండలో ఎర్రగా మెరుస్తోంది. వీధి తలుపు మాత్రం పడిన రోజు నుంచీ గోడకి ఆనించే ఉంది. గుమ్మానికి అడ్డేమీ లేకపోవడంతో దర్జీ భార్య, పంతులు, రంగులాయన పూటకొకరు లోపలికి వచ్చి కూర్చుంటున్నారు. వాళ్లతో పాటు యంత్రం పిల్ల గొంతు కూడా వస్తోంది. ఇంట్లో గ్లాసులు చాలడం లేదు. వడ్రంగిని ఎప్పుడు పిలుస్తావని అక్క రోజూ అడుగుతుంది. రావలసిన వడ్రంగి కొంత ఆలస్యంగా వచ్చునని, అసౌకర్యానికి చింతిస్తున్నామని దయచేసి గారు రోజూ మైకు గొంతుతో చెబుతారు.

ఆయన చింతిస్తున్నట్టు మాత్రం ఇంతవరకు ఎవరికీ అనిపించలేదు.